పెద్దమ్మ చూసిన పటాలు

మొన్న మనవరాలితో జవుళి కొట్టుకు పోతే, కొట్టువాడు చీరలతో పాటు ఒక క్యాలెండరు చుట్టి ఇచ్చాడు. ఇంటికి వచ్చి విప్పి చూస్తే సరస్వతీదేవి. నాకు తెలియకుండానే నా అరచెయ్యి లేచి ఆ అమ్మవారి ముఖానికి అడ్డం పడింది. మనవరాలు పకపకా నవ్వింది.

"ఏం అవ్వా, దేవుడికే దిష్టి తీస్తా ఉండావా?"

"నేను కాదే, మా పెద్దమ్మ తీస్తా ఉండాది" అన్నాను. దానికి అర్థం కాలేదు. అర్థం కావాలంటే కొంచెంసేపు కూర్చోవాలి. దానికి అంత తీరిక లేదు. మీకుంటే చెబుతాను.

మా నాన్న అన్నగారి భార్య ఆమె. తమిళనాట రాజపాళయంలో మేమూ వాళ్ళూ ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద బతికినవాళ్ళం. ఆమె ఎక్కడ పుట్టింది, ఎన్నేళ్ళకు పెళ్ళయింది అన్నవి చెప్పను. అవి అందరికీ ఉండేవే. ఆమెకు మాత్రమే ఉన్నది ఒకటి, పటాలు చూసే పిచ్చి.

కొత్త పటం ఏది వచ్చినా ముందు అరచేత్తో ముఖం మూసేది. ముఖం చూస్తే దాని మాయలో పడిపోతామట. గీసినవాడి పని తెలియాలంటే చేతులు చూడాలట. "ఈ మహాలక్ష్మి ఒక్కనాడైనా పిండి రుబ్బినట్టు ఉందా? వేళ్ళు చూడు, వెన్నముద్దలు" అనేది. మరోసారి సరస్వతిని పట్టుకుని, "వీడికి వీణ తెలుసునే, వాయించే చెయ్యి తెలియదు" అంది. దేవుళ్ళను అలా అనొచ్చా అని మా అమ్మ చెంపలు వేసుకుంటే, "నేను దేవుణ్ణి ఎక్కడన్నాను? గీసినవాణ్ణి అన్నాను" అని ఎదురు చెప్పేది.

ఆ రోజుల్లో ఏడాది మారేసరికి మా ఇంటికి క్యాలెండర్లు వచ్చి పడేవి. పెదనాన్నది పత్తి వ్యాపారం. నూలు మిల్లులవాళ్ళు, దళారీలు, మందుల షాపువాళ్ళు తలా ఒకటి పంపేవారు. నేలమీద చాప పరిచి, అన్నీ వరసగా పెట్టుకుని, ముక్కుపుడక సవరించుకుని కూర్చునేది పెద్దమ్మ. అప్పుడు ఎవరూ ఆమెను పిలవకూడదు. పాలు పొంగినా సరే.

ఆమెకు చదువు రాదు. నాకు నాలుగో క్లాసు వరకు వచ్చు కాబట్టి, పటం మూల గీసినవాడి పేరు ఉంటే చదివి చెబుతానన్నా వినేది కాదు. ఆమె పేర్లు ఆమెకున్నాయి. గాజుల మీద వెలుగు బాగా పెట్టేవాడు గాజులాయన. ఆకాశం బాగా గీసేవాడు మబ్బులాయన. ఎవరికైనా ఒకే ముక్కు పెట్టే ఇంకొకడున్నాడు, వాడు ముక్కుమూఢుడు. పక్కింటి మనుషుల్లాగా వాళ్ళ బాగోగులు మాట్లాడేది. "గాజులాయనకి ఈ ఏడు ఒళ్ళు బాగలేదు. చెయ్యి తొందరపడినాడు చూడు" అనేది. ఒక ఏడు అన్నీ వెతికినా గాజులాయన పటం ఒక్కటీ లేదు. మళ్ళీ మొదటినుంచి వెతికింది. "పోయినాడేమోనే" అంది. ఆ పూట అన్నం సగంలో లేచింది. ఎవరో, ఏ ఊరో తెలియని మనిషి కోసం.

చేతులు అయ్యాక నగలు, నగలయ్యాక చీర అంచు, చివరికి చెయ్యి తీసి ముఖం. ముఖంలోనూ కళ్ళు ఆఖరు. కళ్ళ దగ్గరికి వచ్చేసరికి వేళాకోళం ఆగిపోయేది. రెండు కళ్ళూ మార్చి మార్చి చూసి, "నేరుగా ఉండాయి. అందరికీ నేరుగానే పెడతారు" అని పటం పక్కన పెట్టేది. ఆ మాట ఎందుకనేదో మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఆమెకు ఒక్కతే కూతురు, చిట్టి. నా ఈడుది. చిట్టికి మెల్లకన్ను. మేము చింతగింజలు ఆడుకునేటప్పుడు అది నా గింజలు చూస్తోందో తన గింజలు చూస్తోందో తెలిసేది కాదు, నేనే ఓడిపోయేదాన్ని. వీధిలో ఎవరైనా మెల్లకన్నుది అంటే పెద్దమ్మ తలుపు దగ్గరికి వచ్చి, "ఆమా, అవును, మా పిల్ల ఒక కన్నుతో నిన్ను చూస్తే ఇంకో కన్నుతో నీ వెనక ఉండేవాణ్ణి చూస్తాది. నీకు చేతనవుతుందా?" అని అడిగేది.

ఇంట్లో పెళ్ళికి ఫోటో తీసేవాడు వచ్చినప్పుడు చిట్టిని వెనక్కి జరిపారు. కన్ను బాగయ్యాక దానికి వేరేగా తీయిద్దాం అన్నాడు పెదనాన్న. మదురైలో ఒక కళ్ళ డాక్టరు ఉన్నాడని, పంట చేతికి వచ్చాక తీసుకుపోదామని కూడా అన్నాడు. ఇంతలో విషజ్వరం వచ్చి, తొమ్మిదో నాడు చిట్టి పోయింది. ఏడేళ్ళు. ఫోటో లేదు.

మా ఇళ్ళలో పోయినవాళ్ళకు ఏడాది తిరిగేలోపు పటం కట్టి హాల్లో తగిలించాలి. ఏడాది నాడు బంధువులు వస్తే దండ వెయ్యడానికి ముఖం ఉండాలి. ఫోటో లేకపోతే చిత్రకారుణ్ణి పిలిపించి, పోలిక ఉన్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, మిగతాది నోటితో చెప్పి గీయించేవారు. మా తాత పటానికి అట్లానే మా చిన్నతాత కూర్చున్నాడట. మీసం మాత్రం మాటతో చెప్పారట.

శ్రీవిల్లిపుత్తూరు నుంచి ఒకాయన వచ్చాడు. నాటకాలకు తెరలు గీసేవాడు. మేము తెరలాయన అనేవాళ్ళం. పోలికకు నన్ను కూర్చోబెట్టారు. చిట్టి పచ్చపావడ కట్టారు, చిట్టి చెవికమ్మలు పెట్టారు. మూడు రోజులు కిటికీ పక్కన కదలకుండా కూర్చున్నాను. ఆ పావడలో ఇంకా దాని వాసన ఉంది. నాకు భయం వేసింది. ఎవరికీ చెప్పలేదు. మా అమ్మ వంటింటి గడపలో నిలబడి నన్నే చూస్తూ ఉండేది, లోపలికి రాలేదు.

పెద్దమ్మ తెరలాయన వెనక కూర్చుని చెప్పింది. "బుగ్గ ఇంత లేదు. చుబుకం కొంచెం కోలగా. కన్ను ఒకటి ముక్కు వైపుకి." ఆయన అట్లాగే పెన్సిలుతో గీశాడు. మూడో నాడు రంగు పూస్తుంటే పెదనాన్న వచ్చి చూశాడు.

"ఏమయ్యా, మెల్ల పెట్టినావే!"

"అమ్మగారు చెప్పినారు."

"ఉన్నన్నాళ్ళూ ఊరంతా అన్నారు చాలదా? పోయినాక కూడా గోడ మీద పెట్టి అనిపించాలా? నేరుగా పెట్టు."

తెరలాయన కుంచె పైకెత్తి పెద్దమ్మ వంక చూశాడు. "అమ్మా, మీరు చెప్పండి. ఎట్లా పెట్టేది?"

పెద్దమ్మ పెదనాన్న ముఖం చూసింది. నేను అక్కడే కూర్చున్నాను, కదలకూడదు కాబట్టి అంతా చూశాను. ఆమె నోరు రెండుసార్లు తెరుచుకుంది. మూడోసారి మాట వచ్చింది.

"సరి. నేరుగానే పెట్టు."

అంతే. ఆ ఒక్క మాట ఆమె ఆ తర్వాత ఎన్నిసార్లు తిరగేసుకుందో నాకు తెలుసు. ఎందుకంటే పటం పూర్తయ్యేసరికి అందులో చిట్టి లేదు. నేనున్నాను. బుగ్గ తగ్గించిన నేను, చిట్టి కమ్మలు పెట్టుకున్న నేను. కన్ను ఒక్కటే మమ్మల్ని వేరు చేసేది, అది పోయింది. ఏడాది నాడు వచ్చినవాళ్ళంతా చూసి, "అచ్చంగా చిట్టే" అన్నారు. పెద్దమ్మ దండ వేసి పక్కకు వచ్చి నా తల నిమిరింది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

అప్పటినుంచే ఆమె పటాల్లో కళ్ళు వెతకడం మొదలుపెట్టింది. ఉన్న కన్నును ఉన్నట్టు గీసినవాడు లోకంలో ఒక్కడైనా ఉన్నాడా అని. మదురై పొరుట్కాట్చిలో, అదే ఆ పెద్ద సంతలో, పటాల కొట్టు దగ్గర ఆమెను వెతకాల్సి వచ్చేది. శ్రీవిల్లిపుత్తూరు గుడిలో అమ్మవారిని దర్శనం చేసుకోవడం కంటే గోడమీద రంగు బొమ్మల దగ్గరే ఎక్కువసేపు నిలబడేది. పూజారి హారతి పళ్ళెం పట్టుకుని అక్కడికే వచ్చేవాడు.

నాకు పదహారేళ్ళప్పుడు పెదనాన్నకు పద్మనాభస్వామి మొక్కు ఒకటి తీర్చాల్సి వచ్చింది. తెంకాశి, సెంగోట్టై మీదుగా రైల్లో తిరువనంతపురం పోయాం, ముగ్గురం. అక్కడ తోట మధ్య ఒక చిత్రశాల ఉందని, అచ్చు వేసినవి కాదు, పెద్ద పెద్ద చిత్రకారులు చేత్తో గీసిన అసలు పటాలే ఉంటాయని తెరలాయన ఎప్పుడో చెప్పాడట. పెద్దమ్మ దాన్ని మనసులో దాచుకుంది. దేవుడి దర్శనం అయ్యీ అవగానే, "చిత్రశాలకి పోదాం" అంది. పెదనాన్న ముఖం చిట్లించాడు గాని తీసుకుపోయాడు. ఆయన బయట బెంచీ మీద సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మేమిద్దరం లోపలికి పోయాం.

పెద్దమ్మ చెప్పులు వాకిట్లోనే విడిచింది. ఎవరూ విడవమనలేదు. లోపల పటాలు మనిషెత్తు ఉన్నాయి. పట్టుచీర ఒకటి చూసి మెల్లగా దగ్గరికి పోయింది, ముక్కు తగిలేంత. ఉలిక్కిపడి వెనక్కి వచ్చింది.

"అమ్మణ్ణీ, దగ్గరికి పోతే ఏమీ లేదే! రంగు బురద. ఇక్కడ నిలబడితే జరీ. ఇదేం మాయే?"

మళ్ళీ ముందుకు, మళ్ళీ వెనక్కి. చిన్నపిల్ల గుమ్మం దగ్గర ఆడుకుంటున్నట్టు. నాకు నవ్వు వచ్చింది. చాలా ఏళ్ళకు ఆమె కూడా నవ్వింది. అక్కడ అరచెయ్యి సరిపోలేదు, పటాలు అంత పెద్దవి. రెండు చేతులూ చాచి దూరం నుంచి ముఖాలు మూసి చూసింది. రాణులను చూసింది, దేవతలను చూసింది. "చేతులు బాగుండాయి. ఈయన ఆడవాళ్ళని దగ్గర కూర్చోబెట్టుకుని గీసినాడు" అంది. కళ్ళు చూసి మాత్రం తల ఊపి ముందుకు పోయింది.

బయటినుంచి పెదనాన్న తల పెట్టి, "ఏమే, అన్నీ అయినాయా? రైలుకి పొద్దయితా ఉంది" అన్నాడు.

"మీరు కూర్చోండి. నేను ఇంకా సగంలోనే ఉండాను."

చివరి గదిలో, తలుపు పక్కన, ఎవరూ ఆగని చోట చిన్న పటం ఒకటి ఉంది. ఒక ముసలమ్మ. చీపురు పట్టుకుని కూర్చుంది. ఒక కన్నులో పువ్వు పడి తెల్లగా ఉంది. గీసినవాడు దాన్ని దాచలేదు. కన్ను మీదికి కొంగు లాగలేదు, ముఖం పక్కకు తిప్పలేదు. వెలుగంతా ఆ తెల్లకన్ను మీదే పెట్టాడు.

పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టలేదు. చేతులు చూడలేదు. ఆ కన్నే చూస్తూ నిలబడిపోయింది. కాపలా మనిషి ఏమయిందోనని దగ్గరికి వచ్చాడు. అతనికి తమిళం వచ్చు. పెద్దమ్మ తమిళంలోనే అడిగింది.

"అయ్యా, ఇట్లా గీస్తే ఈమె ఇంటివాళ్ళు ఏమీ అనలేదా?"

అతను వింతగా చూశాడు. "ఈమెకి ఇంటివాళ్ళు ఎవరమ్మా? ఎవరో ఊడ్చుకునే ముసలిది."

"అందుకే కన్ను మిగిలింది" అంది పెద్దమ్మ.

తిరుగు రైలు సెంగోట్టై దాటింది. పెద్దమ్మ పెదనాన్న వంక తిరిగి, "పటంలో చిట్టి కన్ను దానికి మళ్ళీ పెట్టించాలి" అంది.

పెదనాన్న కిటికీలోంచి చూస్తూ, "పోయినదాన్ని ఎందుకు కెలుకుతావు?" అన్నాడు.

"పోయింది చిట్టి. కన్ను నేను పోగొట్టినాను."

ఆయన కిటికీ రెక్క దించాడు. ఊరు చేరాక ఆమె అడుగుతూనే ఉంది, ఆయన రేపు, మాపు అంటూనే ఉన్నాడు. ఏడాది గడిచింది.

చివరికి దారి నా వల్ల దొరికింది. సత్రపట్టి నుంచి నన్ను చూసుకోవడానికి పెళ్ళివారు వచ్చారు. హాల్లో కూర్చున్నారు. వాళ్ళలో ఒక పెద్దావిడ గోడ మీది పటం చూసింది, నన్ను చూసింది, మళ్ళీ పటం చూసింది.

"ఇదేంది వదినా, బతికుండే పిల్లకి దండ వేసి పెట్టినారే?"

మా అమ్మ కాఫీ గ్లాసులు కింద పెట్టేసింది. కాదు, అది పోయిన పిల్ల అని ఎవరెంత చెప్పినా ఆవిడ ముఖం తేరుకోలేదు. జాతకం కుదరలేదని తర్వాత కబురు వచ్చింది. ఆ రోజు మా అమ్మ ఇన్నేళ్ళుగా మింగినదంతా బయట పెట్టింది.

"పదేళ్ళుగా నా పిల్ల ముఖానికి దండ వేస్తా ఉండారు. పొద్దున లేస్తే అదే చూడాల. నేను కన్నది కాదా? తీసెయ్యండి ఆ పటం!"

పెద్దమ్మ కోపపడలేదు. "తీసెయ్యొద్దు చెల్లీ. కన్ను పెట్టిస్తే అది నీ పిల్ల కాదు, నా పిల్ల అవుతాది" అని పెదనాన్న వంక చూసింది. ఈసారి ఆయన కాదనలేకపోయాడు.

తెరలాయన వచ్చాడు. ముసలివాడైపోయాడు, చెయ్యి వణికేది. కుంచె పట్టుకుంటే మాత్రం ఆగేది. పొద్దున్నే పటం దింపి, కిటికీ పక్కన ముక్కాలిపీట మీద ఆనించారు. ఆయన రంగు కలుపుకున్నాడు. తడి గుడ్డతో దుమ్ము తుడిచాడు.

"చెప్పండమ్మా. ఏ కన్ను?"

"అదేనయ్యా..." అని పెద్దమ్మ చెయ్యి చాచింది. చెయ్యి పటం ముందు గాలిలో ఆగింది. ఇటు పోయింది, అటు పోయింది. కళ్ళు మూసుకుంది. ఒళ్ళో పిల్ల ఉన్నట్టు మోచెయ్యి వంచి చూసుకుంది. తల దువ్వుతున్నట్టు వేళ్ళు కదిలించింది. తన ముఖం మీద ఎడమ కన్ను ముట్టుకుంది, కుడి కన్ను ముట్టుకుంది.

"ఉండండి. వస్తాది. ఉండండి."

రాలేదు. పదేళ్ళు పొద్దూ మాపూ ఆ నేరు కళ్ళనే చూసింది. అవి లోపల ఉన్నదాన్ని తుడిచేశాయి. ఆమె ముఖం ఎట్లా పాలిపోయిందో నేను చెప్పలేను. నా వైపు తిరిగింది.

"అమ్మణ్ణీ, నీకు అన్నీ గుర్తుంటాయే. దానితో ఆడుకున్నావే. నువ్వు చెప్పు తల్లీ, ఎడమదా, కుడిదా?"

మా ఇంట్లో ఎవరి పెళ్ళిలో ఏ కూర వండారో, ఏ ఏడు ఏ ఆవు ఈనిందో నన్నే అడుగుతారు. చిట్టి ఎన్ని చింతగింజలు గెలిచిందో ఈరోజుకీ చెప్పగలను. కన్ను మాత్రం నాకూ రాలేదు. నాకు అది ఒక కన్ను కాదు, చిట్టి అంతే. నేను తల దించుకున్నాను.

"ఎడమది."

మాట గుమ్మం దగ్గరినుంచి వచ్చింది. పెదనాన్న చేతిలో పేపరుతో నిలబడి ఉన్నాడు.

"దానిది ఎడమ కన్ను. ముక్కు వైపుకి, వడ్లగింజ అంత. పటంలో నీకు కుడిచేతి పక్కకి వస్తాది చూసుకో. నవ్వితే ఇంకొంచెం లోపలికి పోతాది. నిద్ర వచ్చినా అంతే."

పెద్దమ్మ ఆయన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"మీకు గుర్తుందా?"

"రోజూ చూస్తా ఉండానే."

"ఎక్కడ?"

ఆయన పేపరు మడిచి చంకలో పెట్టుకుని బయటికి పోయాడు.

మధ్యాహ్నానికి తెరలాయన పని ముగించాడు. మా అమ్మ వచ్చి చూసింది, నా ముఖం రెండు చేతుల్లోకి తీసుకుంది, ఏడ్చింది. ఇప్పుడు అది నేను కాదు. చూసినవాళ్ళందరూ చిట్టే అన్నారు, ఈసారి నిజంగానే. పెద్దమ్మ ఎదురుగా నిలబడి చాలాసేపు చూసింది. ఏమంటుందోనని తెరలాయన కుంచె కడుక్కోకుండా నిలబడే ఉన్నాడు.

"అన్నం తిని పోండి" అంది.

ఆ తర్వాత పటం ముందు ఆమె ఒంటరిగా నిలబడడం నేను చూడలేదు. పెదనాన్న హాల్లో ఉంటేనే దాని దగ్గరికి పోయేది. కాసేపు చూసి, వెనక్కి తిరగకుండానే అడిగేది. "ఇంతేనా అండీ? ఇట్లాగే ఉండేదా?" ఆయన పేపరు దించి, "ఇట్లాగే" అనేవాడు. ఆమె తల ఊపేది. ఆయన మాట మీద ఆమె తన పిల్లను చూసుకునేది.

నాకు పెళ్ళయిన కొన్నేళ్ళకు పెదనాన్న ముందు పోయాడు. కర్మ అయిన వారానికి నేను పుట్టింటికి పోయాను. పెద్దమ్మ చిట్టి పటం ముందు నిలబడి ఉంది. నా అడుగుల చప్పుడు విని, అలవాటుగా అడిగింది.

"ఇట్లాగే ఉండేదా?"

"ఆమా పెద్దమ్మా, ఇట్లాగే" అన్నాను.

ఆమె తిరిగి నా ముఖంలోకి చూసింది. కోపం లేదు.

"నీకు తెలియదులే" అంది.